కాలేయంలో గడ్డ: భయపడవలసినది ఏది, భయపడనక్కరలేనిది ఏది?

కడప జిల్లా నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం గత నెలలో మాకు అందినది. నాలుగు పుటల ఉత్తరం. ఆమె తల్లిగారికి 52 సంవత్సరాలు. భోజనం చేసిన తరువాత కుడిప్రక్క డొక్కలో నొప్పి వస్తూ ఉండగా, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవేమోనని వైద్యుడు కడుపు స్కానింగ్‌ చేయించారు. రాళ్ళు లేవు. కాని కాలేయం కుడి భాగంలో మూడు సెంటీమీటర్ల తెల్లని మచ్చ ఒకటి ఉన్నదని రిపోర్టులో వ్రాసి, దాని ప్రక్కన ‘ఎస్‌.ఓ.ఎల్‌.’ అను మూడు అక్షరాలు వేశారు. ఆనాటి నుండి ఆ ఇంట పొయ్యి సరిగా వెలగలేదు. పెద్ద ఖాలా వచ్చి ఏడ్చి వెళ్ళినది. మామూజాన్‌ రిపోర్టును ఫోటో తీసి పదిమందికి పంపగా పది రకాల సలహాలు వచ్చినవి. వెంటనే ముక్క తీయించి పరీక్షకు పంపండి అని ఒకరు, సూది తగిలితే గడ్డ రేగి ఒళ్ళంతా ప్రాకుతుందని మరొకరు, నలభై రోజులు పసరు త్రాగితే కరిగిపోతుందని ఇంకొకరు. ‘ఎవరి మాట వినాలి?’ అని ఆ సోదరి ప్రశ్న.

ఆ ఉత్తరం చివరి పుటలో, సంతకానికి కొంచెం పైన, మరొక వాక్యం ఉన్నది. ‘మా భాయిజాన్‌ 11 సంవత్సరాల క్రితం సౌదీ వెళ్ళబోయి మెడికల్‌లో ఆగిపోయాడు, రక్తంలో కామెర్ల క్రిమి ఉన్నదన్నారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు.’ ఏదో మాటవరుసకు వ్రాసినట్లున్నది. నాలుగు పుటలలో మేము ఎక్కువసేపు ఆగినది ఆ వాక్యం వద్దనే. ఎందుకో ముందు ముందు చెప్పెదము.

మొదట ‘గడ్డ’ అను మాట సంగతి. మన భాషలో చీము పట్టినదీ గడ్డయే, కాన్సరూ గడ్డయే, నీటి సంచీ గడ్డయే; బజారులో కొనే ఉల్లిగడ్డ, ఆలుగడ్డ సరేసరి. ఒక్క మాటలో ఇన్ని ఇమిడి ఉన్నందున, స్కానింగ్‌ గదిలో నుండి ‘కాలేయంలో గడ్డ’ అను మాట వెలుపలికి రాగానే వినువారికి రాచపుండే తోచును. ఎస్‌.ఓ.ఎల్‌. అనగా ‘చోటు ఆక్రమించినది’ అని మాత్రమే అర్థం. అది రోగం పేరు కాదు. ఇక్కడ ఏదో ఉన్నది, చూడండి అని స్కానింగ్‌ చేసిన డాక్టరు చికిత్స చేయు డాక్టరుకు వ్రాసిన చీటీ వంటిది. ఆ చీటీని మధ్యలో బంధువులు చదువుటతో వచ్చిన చిక్కే ఇది.

మరొక అపోహ నొప్పికి సంబంధించినది. నొప్పి ఉన్నది గనుక కాన్సరేమోనని కొందరు, నొప్పి లేదు గనుక కాదులే అని కొందరు నిర్ణయించుకొందురు. రెండూ తప్పే. కాలేయ కాన్సరు తొలిదశలో సాధారణంగా నొప్పి ఉండదు. ఏ హానీ లేని మచ్చ కనబడిన మనిషికి వేరే కారణంతో, గ్యాసుతోనో పుండుతోనో, నొప్పి ఉండవచ్చును. ఆ తల్లిగారి నొప్పికీ ఆ మచ్చకూ సంబంధమే లేకపోవచ్చును.

మరి వైద్యులు తేడా ఎట్లు కనుగొందురు? ఇది తెలియుటకు కాలేయానికి రక్తం ఎట్లు వచ్చునో కొంత తెలియవలెను. మన ఒంటిలో చాలా అవయవాలకు గుండె నుండి వచ్చు ధమని రక్తమే ఆధారం. కాలేయానికి మాత్రం రెండు దారులు. సుమారు మూడు వంతులు ప్రేగుల నుండి వచ్చు ద్వారసిర గుండా, ఒక వంతు ధమని గుండా అందును. కాలువ నీరు ప్రధానంగా, బోరు నీరు కొద్దిగా పారే పొలం అనుకొనండి. ఆరోగ్యంగా ఉన్న మడులన్నీ కాలువ నీటినే ఎక్కువగా త్రాగును. కాలేయంలోనే పుట్టిన కాన్సరు గడ్డ మాత్రం కొత్త నాళాలు మొలిపించుకొని దాదాపుగా ధమని రక్తం మీదనే బ్రతుకును. అనగా బోరుకు చాటుగా పైపు తగిలించుకొన్న దొంగ మడి. నీరు వదిలి చూచినచో అది పట్టుబడును.

చేతి నరంలో రంగుమందు ఎక్కించి తీయు మూడు దశల సి.టి. స్కాన్‌ చేయు పని ఇదే. మందు ఎక్కించిన సుమారు అర నిమిషానికి ధమని దశ, ఒక నిమిషం దాటిన తరువాత ద్వారసిర దశ, మరికొన్ని నిమిషాలకు ఆలస్య దశ. కాన్సరు గడ్డ మొదటి దశలో చుట్టూ ఉన్న కాలేయం కంటె ముందుగా తళుక్కుమని మెరయును. తరువాతి దశలలో, చుట్టుప్రక్కల కాలేయమంతా మెరయుచుండగా, తాను వెలవెలబోయి నల్లబడును. మెరపు, ఆపై వెలవెలబాటు: ఈ రెండూ కలసి కనబడినప్పుడే గాని, వాటిలో ఏదో ఒకటి కనబడినంతలో తీర్పు చెప్పరు.

అందుకే మేము పాఠకులకు ఒక మాట ఖచ్చితంగా చెప్పదలచినాము. రంగుమందు లేని సాదా సి.టి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ధర తక్కువ అని దానిని తీయించుకొని, తరువాత మళ్ళీ మూడు దశలది తీయించుకొన్న కుటుంబాలు మాకు తెలుసు. రెండు సార్లు ఖర్చు, రెండు సార్లు రేడియేషన్‌. రంగుమందుకు ముందు మూత్రపిండాల పనితీరు చూచు క్రియాటినిన్‌ పరీక్ష చేయించవలెను. ఇంతకు పూర్వం ఏ మందుకైనా ఒంటికి దద్దురు వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఇక హాని చేయని వాటిలో అన్నిటికంటె ఎక్కువగా కనబడునది హెమాంజియోమా. రక్తనాళాల ముద్ద అనవచ్చును. మగవారిలో కంటె ఆడవారిలో ఎక్కువ. చాలామందికి తమ కాలేయంలో అది ఉన్నట్లు జీవితాంతం తెలియదు. మరేదో కారణానికి స్కానింగ్‌ తీసినప్పుడు బయటపడును. స్కానింగ్‌లో అంచులు స్పష్టంగా, తెల్లగా కనబడును. మూడు దశల సి.టి.లో దాని నడక కాన్సరుకు పూర్తిగా భిన్నం: మొదట అంచుల వెంట పూసలు పేర్చినట్లు అక్కడక్కడ మెరసి, తరువాత నెమ్మదిగా లోపలికి నిండును, నిండిన మెరపు నిలిచి ఉండును. అది కాన్సరుగా మారదు. బాధ లేనిచో మందూ లేదు, కోతా లేదు. తెలిసి తెలిసి దానికి సూది గుచ్చరు, రక్తం కారును గనుక. ‘వెంటనే ముక్క తీయించండి’ అని మామూజాన్‌కు సలహా ఇచ్చిన పెద్దమనిషి ఈ సంగతి ఎరుగరు.

వయసులో ఉన్న స్త్రీలలో కనబడు ఎఫ్‌.ఎన్‌.హెచ్‌. అను ముద్ద కూడ నిరపాయకరమే. దాని నడుమ నక్షత్రంవలె ఒక మచ్చ ఉండుట పరిపాటి. మొదటి దశలో ఇదీ బాగా మెరయును, కాని తరువాత వెలవెలబోదు. సందేహమున్నచో కాలేయ కణాలు పీల్చుకొను ప్రత్యేకమైన మందుతో ఎం.ఆర్‌.ఐ. తీసెదరు, ఎఫ్‌.ఎన్‌.హెచ్‌. ఆ మందును తనలో నిలుపుకొనును, కాన్సరు గడ్డ సాధారణంగా నిలుపుకొనలేదు. అడినోమా మాత్రం నిరపాయకరమైన వాటిలో కొంత అనుమానించదగినది. దీర్ఘకాలం గర్భనిరోధక మాత్రలు మ్రింగిన స్త్రీలలో, కండలు పెంచుటకు స్టెరాయిడ్లు తీసుకొను యువకులలో ఇది కనబడును. అయిదు సెంటీమీటర్లు దాటినచో లోపల రక్తం చిమ్ముటకు, కొందరిలో కాన్సరుగా మారుటకు అవకాశం కలదు. పురుషులలో వచ్చిన అడినోమాను చిన్నదైనా తీసివేయుటే మేలని వైద్యులు చెప్పుదురు. జిమ్ములకు వెళ్ళు మన పిల్లలు పొడుల డబ్బాలతో పాటు ఏ సూదులు వేయించుకొనుచున్నారో తండ్రులు ఒకసారి కనుక్కొనుట మంచిది.

కొవ్వు పట్టిన కాలేయంలో, కొవ్వు చేరని చిన్న భాగం గాని, ఎక్కువగా చేరిన భాగం గాని గడ్డవలె భ్రమ కలిగించుట కూడ తరచు జరుగును. అది గడ్డే కాదు.

నీటి సంచుల సంగతి వేరు. స్కానింగ్‌లో నల్లగా, పలుచని గోడతో, లోపల ఏమీ లేకుండా కనబడునవి సాదా నీటి తిత్తులు. వాటి జోలికి పోనక్కరలేదు. కాని ఆ సంచిలోపల చిన్న చిన్న పిల్ల సంచులో, ఊడి తేలుచున్న పొరో కనబడినచో అది హైడాటిడ్‌ తిత్తి కావచ్చును. ఇది కాన్సరు కాదు, ఒక రకమైన బద్దెపురుగు సంతానం. గొర్రెల పెంపకం ఉన్న మన ప్రాంతాలకు ఇది కొత్త కాదు. దీనిని తెలియక సూదితో పొడిచినచో లోపలి ద్రవం కడుపులో చిమ్మి, ఒళ్ళు అకస్మాత్తుగా చల్లబడి ప్రాణాపాయం కలుగవచ్చును. లోపలి పిల్ల పురుగులు చుట్టూ వ్యాపించి కొత్త తిత్తులు పుట్టవచ్చును. కాన్సరు కాని గడ్డలన్నీ అమాయకమైనవి కావని చెప్పుటకే దీనిని కొంత విపులంగా వ్రాయుచున్నాము.

విపులంగా వ్రాయుటకు మరొక కారణం కూడ ఉన్నది. బక్రీద్‌ నాడు కలేజీ కడుగునప్పుడు మన ఇళ్ళలోని స్త్రీలు కొన్ని కార్జాలలో తెల్లని నీటి బుడగలను చూచియే ఉందురు. ఆ భాగాన్ని కోసి గోడ అవతల పడవేయుట, కుక్కలు ఎత్తుకొనిపోవుట సాధారణం. పురుగు చక్రం తిరుగుచున్నది సరిగ్గా అక్కడే. బుడగ గల మాంసం కుక్క తినును. దాని ప్రేగులలో పురుగు పెరిగి, మలంలో గ్రుడ్లు పడును. ఆ గ్రుడ్లు గడ్డి మీద నుండి గొర్రెకు, ఆకుకూర మీద నుండి, కుక్కతో ఆడిన పిల్లల చేతుల నుండి మనిషికి చేరును. ఆ కలేజీ తిన్న మనిషికి దాని వలన తిత్తి రాదు. కుక్క తిన్నందువలననే వచ్చును. కావున అట్టి భాగాన్ని కుక్కలు త్రవ్వలేనంత లోతున పూడ్చవలెను. ఇంటి వెనుక స్థలం లేనివారు కసాయి భాయికి ముందే చెప్పి ఏర్పాటు చేసికొనవలెను.

జ్వరం, చలి, కుడి డొక్కలో తీవ్రమైన నొప్పితో వచ్చినది చీముగడ్డ. చాలావరకు మందులతో, అవసరమైతే సూదితో చీము లాగుటతో నయమగును. దీని గురించి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ప్రమాదకరమైన వాటిలో కాలేయంలోనే పుట్టినవి కొన్ని, వేరొక చోట పుట్టి కాలేయానికి వలస వచ్చినవి కొన్ని. పెద్దప్రేగు, జీర్ణాశయం, క్లోమం, రొమ్ము, ఊపిరితిత్తులు: వీటి కాన్సరు కాలేయానికి ప్రాకుట పరిపాటి. ఇవి తరచు ఒకటికి మించి ఉండును. కావున గతంలో రొమ్ము ఆపరేషన్‌ జరిగిన ఫుఫీకి కాలేయంలో మచ్చ కనబడినచో, ఆ పాత సంగతిని ‘ఎప్పుడో అయిపోయినది కదా’ అని డాక్టరు వద్ద దాచరాదు. దాచిన ఆ ఒక్క మాటతో స్కాన్‌ను చదువు తీరే మారిపోవును.

ఇప్పుడు మేము మొదట ఆగిన వాక్యం వద్దకు వత్తుము.

గడ్డ ఎట్లున్నదో చూచుటకు ముందు అనుభవం గల వైద్యుడు వేయు ప్రశ్న ఒకటి: ఆ గడ్డ ఎటువంటి కాలేయంలో ఉన్నది? మూడు సెంటీమీటర్ల తెల్లని మచ్చ ఆరోగ్యమైన కాలేయంలో కనబడినచో హెమాంజియోమా అయి ఉండుటకే అవకాశం ఎక్కువ. అదే మచ్చ హెపటైటిస్‌ బి క్రిమి చేరిన కాలేయంలోనో, గట్టిపడి సిరోసిస్‌ వచ్చిన కాలేయంలోనో కనబడినచో, కాదని ఋజువు అగువరకు కాన్సరుగా అనుమానించవలసినదే. హెపటైటిస్‌ బి విషయంలో ఇంకొక కష్టం: సిరోసిస్‌ రాకముందే కూడ కాన్సరు రావచ్చును.

ఆ ఇంటి కుమారునిలో ఆ క్రిమి ఎక్కడి నుండి వచ్చినది? చిన్నతనంలోనే చేరిన క్రిమియే ఎక్కువమందిలో జీవితాంతం నిలిచి ఉండును. అది చేరు దారులలో ముఖ్యమైనది ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు. కుమారునికి ఉన్నదనగా తల్లికి కూడ ఉండవచ్చును. ఆ తల్లిగారికి హెచ్‌.బి.ఎస్‌.ఎ.జి. పరీక్ష ఎవరూ చేయించలేదు. స్కానింగ్‌ చేసిన వారికి కుమారుని సంగతి తెలియదు. నాలుగు పుటల ఉత్తరంలో అసలైన రిపోర్టు ఆ చివరి వాక్యమే.

గల్ఫ్‌ మెడికల్‌లో ఈ క్రిమి బయటపడి వీసా పోగొట్టుకొన్న యువకులు మన బస్తీలలో ఎందరో. ఆ చీటీని వారు చించివేయుదురు. అప్పు తీర్చుట ఎట్లాయన్న చింతలో అసలు రోగం చింత మరుగున పడును. కామెర్లు లేవు, ఆకలి బాగున్నది, మరేమిటి భయం? కాని క్రిమి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు చప్పుడు లేకుండ పనిచేయును. ఆసియా దేశాలవారిలో ఈ క్రిమి గల పురుషులు 40 సంవత్సరాలు దాటిన తరువాత, స్త్రీలు 50 దాటిన తరువాత, ఆరు నెలలకొకసారి స్కానింగ్‌ తీయించుకొనవలెనని వైద్య సంఘాల సూచన. సిరోసిస్‌ ఉన్నచో వయసుతో పని లేదు. వీసా ఇవ్వనివారు ఆ రోజు తెలియకుండానే అతనికొక మేలు చేశారు. దానిని అతను వాడుకొనలేదు.

‘మా ఇళ్ళలో మద్యం ముట్టరు, మాకు కాలేయ రోగమేమిటి?’ అని మాకు పలువురు వ్రాసెదరు. మద్యం ముట్టకపోవుట కాలేయానికి గొప్ప రక్షణయే. కాని హెపటైటిస్‌ బి, సి క్రిములకు, మధుమేహానికి, నడుము చుట్టూ చేరిన కొవ్వుకు మద్యంతో నిమిత్తం లేదు. బూజు పట్టిన వేరుశనగలో ఉండు అఫ్లాటాక్సిన్‌ అను విషం కూడ కాలేయ కాన్సరుకు దోహదం చేయును. వేరుశనగ పండించు రాయలసీమ ఇళ్ళలో బూజు గింజలను ఏరి పారవేయవలెను గాని, చట్నీకి పనికి వచ్చునని దాచరాదు. హిజామా చేయించుకొనునప్పుడు, పిల్లలకు సున్తీ చేయించునప్పుడు, హజ్‌లో తల క్షౌరం చేయించుకొనునప్పుడు ప్రతి మనిషికి కొత్త బ్లేడు వాడవలెనని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. ఈ క్రిమి రక్తం ద్వారా ప్రాకును. ఒకే దస్తర్‌ఖాన్‌ వద్ద తినుటవలన, ముసాఫహా చేయుటవలన ప్రాకదు.

రక్త పరీక్షల గురించి రెండు మాటలు. ఎ.ఎఫ్‌.పి. అను పరీక్ష మామూలుగా ఉన్నదని ఊరట చెందరాదు; కాన్సరు ఉన్నవారిలో కూడ చాలామందికి అది మామూలుగానే ఉండును. ఎక్కువగా ఉన్నదని హడలిపోనూ రాదు. గర్భిణులలోను, కాలేయం వాచినప్పుడు కూడ అది పెరుగును. అలాగే క్రిమి లేక సిరోసిస్‌ ఉన్నవారి స్కాన్‌ రిపోర్టులలో ఇప్పుడు ‘ఎల్‌.ఆర్‌. 3’, ‘ఎల్‌.ఆర్‌. 4’ అని వ్రాయుచున్నారు. దానిని మూడవ దశ, నాలుగవ దశ కాన్సరుగా అర్థం చేసికొని ఇల్లంతా కూలబడిన వారిని మేమెరుగుదుము. అది రోగం దశ కాదు; అనుమానం ఎంత బలమైనదో తెలుపు అంకె. 1 అనగా నిరపాయకరం అని నిశ్చయం, 5 అనగా కాన్సరు అని నిశ్చయం. నడుమ ఉన్నవి నడుమవే. సెంటీమీటరు లోపు మచ్చలను ఏ యంత్రమూ సరిగా తేల్చలేదు గనుక మూడు నెలల తరువాత మళ్ళీ చూచెదమని వైద్యుడు చెప్పినచో, అది నిర్లక్ష్యం కాదు.

ముక్క తీయుట ఎప్పుడు? సిరోసిస్‌ ఉన్నవారిలో స్కాన్‌ లక్షణాలు స్పష్టంగా ఉన్నచో ముక్క తీయకుండానే కాన్సరు అని నిర్ధారింతురు. లక్షణాలు తేలనప్పుడే సూది. అది గడ్డను రేపి ఒళ్ళంతా ప్రాకించుననుట అతిశయోక్తి. కాని సూది దారి వెంట కణాలు చేరుట అరుదుగా జరుగును, రక్తస్రావం అపాయమూ ఉన్నది. కావున అవసరం తేలిన తరువాతనే, శస్త్రవైద్యునితో కూడ ఆలోచించి చేయుదురు.

పసరు మందు గురించి అడిగారు గనుక చెప్పెదము: హెమాంజియోమాకు మందే అవసరం లేదు. కాన్సరైనచో పసరు త్రాగు నలభై రోజులు పోయినవి పోయినట్లే. చిన్నదిగా ఉండగా పట్టుబడిన కాలేయ కాన్సరును కోసి తీయవచ్చును, సూదితో కాల్చవచ్చును. ఒకే గడ్డ అయిదు సెంటీమీటర్ల లోపు ఉన్నచో, లేక మూడు గడ్డల వరకు ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నచో, కాలేయ మార్పిడికి కూడ అర్హత ఉండును. ఈ కొలతలు 1996లో ఇటలీ దేశపు మిలాన్‌ నగర వైద్యులు నిర్ణయించినవి, నేటికీ అమలులో ఉన్నవి. ఆ కొలతలు దాటిపోవుటకు కొన్ని నెలలు చాలును.

ఆ సోదరికి మేము ఉత్తరం ద్వారా చెప్పినది ఇంతే: తల్లిగారికి హెచ్‌.బి.ఎస్‌.ఎ.జి. పరీక్ష, మూడు దశల సి.టి. గాని రంగుమందుతో ఎం.ఆర్‌.ఐ. గాని; కాలేయ వైద్యుని వద్దకు వెళ్ళునప్పుడు భాయిజాన్‌ పాత మెడికల్‌ సంగతి మొదటి మాటగా చెప్పుట; తోడబుట్టిన వారందరికి, భాయిజాన్‌ భార్యా పిల్లలకు కూడ అదే రక్త పరీక్ష. క్రిమి లేనివారికి మూడు మోతాదుల టీకా. 2018 నుండి అమలులో ఉన్న జాతీయ హెపటైటిస్‌ కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలోని చికిత్సా కేంద్రాలలో ఈ పరీక్షలు, మాత్రలు ఉచితంగా లభించును.

ఈ సంచిక సిద్ధమగుచుండగా ఆమె రెండవ ఉత్తరం వచ్చినది. తల్లిగారి రక్తంలో క్రిమి ఉన్నది. ఎం.ఆర్‌.ఐ.లో మచ్చ అంచుల వెంట పూసలవలె మెరసి నెమ్మదిగా నిండినదట, హెమాంజియోమాయే. ఇక ఆమె ప్రతి ఆరు నెలలకు స్కానింగ్‌కు వెళ్ళవలెను. మాత్రలు అవసరమా కాదా క్రిమి పరిమాణం చూచి చెప్పెదమన్నారట. తోడబుట్టిన వారిలో ఇద్దరికి పరీక్ష అయినది, ఇద్దరికీ లేదు, టీకా మొదలుపెట్టారు. భాయిజాన్‌ మాత్రం ఇంకా వెళ్ళలేదు. చెల్లెలి సంబంధం మాటలు నడుస్తున్నవి, ఈ సమయంలో నలుగురికి తెలియుట ఎందుకని అంటున్నాడట. అతని పేరిట వేరుగా ఒక ఉత్తరం వ్రాసి, అతని ఇంటికి కాక, సోదరి కోరినట్లు, అతను పనిచేయు దుకాణం చిరునామాకు పంపినాము.